తలంటు పోసిన ఇనుము

ఫటేల్‌మని మూడో గొలుసూ తెగింది.

అది మామూలుగా తెగడం కాదు. మూలగలేదు, సాగలేదు, ముందుగా కీచుమని ఒక్క చప్పుడైనా చెయ్యలేదు. అటక మీదనుంచి జారిన కుండ నేలమీద పడ్డట్టు ఒక్కసారిగా ముక్కలైంది. బొటనవేలంత లావున్న ఇనప లంకె ఒకటి యువరాజు అరిందముడి చెవి పక్కనుంచి రివ్వున దూసుకుపోయి గుహ గోడకి కొట్టుకుంది.

మెడకి కట్టిన గొలుసు తెగగానే శరభం లేచింది. ఏనుగంత ఒళ్లు, సింహం జూలు, ఎనిమిది కాళ్లు, కాలికి కొడవళ్లలాంటి గోళ్లు. అది ఊపిరి వదిలితే ముక్కుల్లోంచి మంచుపొడి రాలుతుంది. అది ఒక్క గెంతు గెంతేసరికి గుహ కప్పునుంచి వేలాడే మంచు ఊడలన్నీ గలగలా రాలిపడ్డాయి.

"దొరా, ఇంకా చూస్తన్నావా! లెగు!"

కంచరగాడిదలు తోలే గంగులు యువరాజు నడికట్టు పట్టుకుని, బస్తాను లాగినట్టు గుహ బయటికి లాగేశాడు. శరభం గడప దాకా వచ్చి ఆగిపోయింది. గడప దాటకూడదని దాని యజమాని ఆన. ఆ యజమాని ఎవరంటే మాంత్రికుడు కరాళజటుడు. తనను పెళ్లాడనన్నదని అరిందముడి చెల్లెలు తరళని ఎత్తుకొచ్చి, ఈ మంచుకోర శిఖరం మీద, ఈ గుహలో ఉన్న చలిబిలంలో నిలబెట్టి, కాళ్ల దగ్గరనుంచి మంచు పట్టించి, తాను యాగం చేసుకోవడానికి పాతాళానికి దిగిపోయాడు. మంచు రోజురోజుకీ పైకి పాకుతోంది. గొంతు దాకా వచ్చిందా, ఇక ఆమె మనిషి కాదు, మంచుబొమ్మ. పోనీ శరభాన్ని చంపుదామా అంటే, దాని ప్రాణం పోయిన క్షణమే తరళ ప్రాణమూ పోయేట్టు మంత్రం వేసి పెట్టాడు. కట్టాలే తప్ప కొట్టకూడదు. కడితేనేమో గొలుసులు ఇలా ఏడుస్తున్నాయి!

గుహ లోపల బిలంలోంచి సన్నగా గొంతు వినిపించింది.

"అన్నా! ఏంటా చప్పుడు? మళ్లీ తెగిందా?"

అరిందముడు పళ్లు కొరికాడు. "తెగింది."

"నువ్వు తెస్తున్నది గొలుసా, పూలదండా?"

"తరళా, నన్ను విసిగించకు! మంచు ఎక్కడిదాకా వచ్చింది?"

ఈసారి గొంతు మెల్లగా వచ్చింది. "నడుము దాటింది. తొందరేం లేదులే అన్నా. నేనెక్కడికీ పోను కదా."

ఆ వేళాకోళం విని గంగులు ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. కన్నీటి చుక్క చెంపమీదే గడ్డకట్టింది. మంచుకోర అంటే అంత చలి మరి. కింద నిలబడి చూస్తే ఆకాశాన్ని కొరకబోతున్న తెల్లని కోరలా ఉంటుందా శిఖరం. నడిమధ్యాహ్నం ఎండ దానిమీద పడి వెయ్యి అద్దాలు పగిలినట్టు చెదిరిపోతుందే గాని ఒక్క చుక్క మంచు కరగదు. గాలి వీస్తే లోయలన్నీ శంఖాలై మోగుతాయి. డేగలు కూడా ఆ దారిన పోవు.

అరిందముడు తెగిన లంకె ఒకటి తీసి చూశాడు. దాని ఒంటిమీద రాగిపట్నం విరుపుశాల ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. తెగినచోట మాత్రం పటికబెల్లం పలుకులా తళతళా మెరుస్తోంది.

"పద గంగులూ. ఈ ముద్ర వేసినవాళ్ల మొహాన కొడతాను దీన్ని."

"కొడుదువుగాని, మారువేషం మర్చిపోబాక. మన మరకతపురికీ వాళ్లకీ పగ. ఆ ఊళ్లో మన తలకి వెల కట్టుండారు."

*

లోకంలో ప్రతి రాజ్యంలోనూ లోహం తయారుచేస్తారు. రాగిపట్నంలో మాత్రం విరగ్గొడతారు.

ఆ పట్నానికి పేరుప్రఖ్యాతులు అలాగే వచ్చాయి. అక్కడి విరుపుశాలలో నెగ్గని కత్తిని ఏ రాజూ ఒరలో పెట్టడు, అక్కడ లాగి చూడని గొలుసును ఏ ఓడవాడూ లంగరుకి కట్టడు. శాల అంటే శాలే! వరసగా కొలుములు, రాత్రీపగలూ ఆరని నిప్పులు, పైన మద్దిదూలాలు, దూలాలకి గుండ్లు వేలాడే తట్టలు. ఒక్కో లోహం ముక్కనీ దూలానికి వేలాడదీసి, కింద తట్టలో గుండ్లు పేర్చుకుంటూ పోతారు. ఎంత బరువుకి సాగింది, ఎంత సాగింది, ఎప్పుడు తెగింది అన్నీ చూస్తారు. ఇంకో ముక్కని అటూ ఇటూ వంచుతారు. ఇంకోదాని మీద పైనుంచి సమ్మెట వదులుతారు. చివరికి విరిగిన ముక్కలకి బరువుకింతని గాట్లు పెట్టి గోడకి తగిలిస్తారు. గాట్లు ఎక్కువున్నవి పైన, తక్కువున్నవి కింద. తాతల నాటినుంచీ విరిగిన ముక్కలన్నీ అలా వేలాడుతూ, కొలిమి వెలుగులో ఎర్రగా, నల్లగా, పచ్చగా మెరుస్తుంటే, ఆ గోడ లోహాలన్నిటి పోరాటాన్నీ చెక్కిన శిల్పంలా ఉంటుంది.

ఆ గోడకి కాపు విరుపుల పేరమ్మ. డెబ్బయ్యేళ్ల మనిషి. బుగ్గన వక్క, మాటలో మంట. రాగిపట్నం రాజు కూడా ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడతాడని చెప్పుకుంటారు.

నెత్తిన పెద్ద తలపాగా చుట్టుకుని, గిన్నెలకి కళాయి పూసేవాడి వేషంలో అరిందముడు ఆమె ముందుకొచ్చి, విరిగిన లంకెని ఠంగుమని పీటమీద పడేశాడు.

"అవ్వా, మీ గొలుసు విరిగింది. ఇది మూడోది!"

పేరమ్మ లంకె ఎత్తి, తెగిన చోటు చూసి, పక్కకి విసిరేసింది. "ఇది మాది కాదు."

"మీ ముద్ర ఉంది కదా!"

"ముద్ర మాదే. ఇనుము మాది కాదు. మా ఇనుము తెగితే నార తెగినట్టు ఉంటాది, మొద్దుగా, పీచుగా. ఇది చూడు, పటికబెల్లంలాగా మెరుస్తా ఉంది. ఎవుడో ముద్ర దొంగిలించి కొట్టుంటాడు. లేకపోతే నువ్వే మార్చి తెచ్చుంటావు. కళాయి వాళ్ల సంగతి నాకు తెలీదా?"

"నేను మార్చానా!"

"అరవబాక అబ్బీ. గోడ అబద్ధం చెప్పదు. కావాలంటే నీ కళ్ల ముందరే లాగి చూపిస్తా."

అదే ఇనుముతో, అదే కొలిమిలో చేసిన కొత్త లంకెలు రెండు తెప్పించింది. ఒకటి కొంగున కట్టుకుని, ఇంకోటి పీటమీద పెట్టింది. అరిందముడు ఇక లాగుతుందనుకున్నాడు. పేరమ్మ తీరిగ్గా నువ్వులనూనె గిన్నె తీసింది. లంకెకి నూనె రాసింది. కుంకుడు రసం పోసి రుద్దింది. పక్కనే రాగికాగులో కాగుతున్న వేడినీళ్లు చెంబుతో పోసి, పిల్లకి పోసినట్టు తలంటు పోసింది!

గంగులు నోరెళ్లబెట్టాడు. "అవ్వా, సాంబ్రాణి పొగ కూడా ఏస్తావా ఏంది?"

"నవ్వు, నవ్వు. పోయే ప్రాణం అది. మన కోసం విరగబోతా ఉంది. తలంటు పొయ్యకుండా పంపించడం మా ఇంటా వంటా లేదు. మా అత్త పోసింది, ఆమె అత్త పోసింది."

వెచ్చగా పొగలు కక్కుతున్న లంకెని దూలానికి తగిలించారు. గుండ్లు పేర్చారు. లంకె కదల్లేదు. ఇంకా పేర్చారు. మెల్లగా సాగింది, కోడిగుడ్డు ఆకారం పోయి దోసకాయంత పొడుగైంది. శరభంలాంటివి రెండు కలిసి లాగినా అంత బరువుండదు. చివరికి ఎప్పుడో, మూలుగుతూ, మొద్దుగా, పీచు పీచుగా తెగింది.

"చూశావా?" అంది పేరమ్మ వక్క నములుతూ. "ఇంక పో."

మరో ముక్కని వంచి చూశారు. విరగలేదు. సమ్మెట వదిలారు. అణిగింది గాని పగల్లేదు. ఏం చేసినా గెలుపు ఇనుముదే! కొండమీద చచ్చేది ఇక్కడ చావనంటోంది. ఇక్కడ బతికేది కొండమీద బతకనంటోంది. ఎవరిని తిట్టాలి? ఏమని తిట్టాలి? అరిందముడికి ఒళ్లంతా కారం రాసినట్టయింది. చెల్లెలి నడుము దాటిన మంచు కళ్లముందు మెదిలింది. "ఛీ!" అని గుండ్ల తట్టని కాలితో ఒక్క తన్ను తన్నాడు.

తట్ట కదల్లేదు. యువరాజు మాత్రం కాలివేళ్లు పట్టుకుని ఒంటికాలి మీద గెంతాడు. ఆ గెంతులో తలపాగా ఊడి కిందపడింది. చెవులకున్న ముత్యాల పోగులు కొలిమి వెలుగులో ధగధగా మెరిశాయి.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో, తన కత్తికి పరీక్ష చేయించుకుందామని వచ్చిన నగర తలారి ఓబన్న నిలబడి ఉన్నాడు.

"ఏం రోయ్! కళాయి పూసేవాడి చెవులకి ముత్యాలా? పట్టుకోండి! వాడు మరకతపురి కుర్రాడు!"

భటులు ఈటెలతో దూకారు. గంగులు బొగ్గుల గంప తీసి వాళ్ల మొహాన విసిరాడు. నల్లటి దుమ్ము లేచింది. ఆ దుమ్ములో ఒక ఎండిన చెయ్యి వచ్చి అరిందముడి మణికట్టుని ఉడుంపట్టు పట్టింది.

"నా గోడ తప్పో, నీ మాట తప్పో తేలేదాకా నిన్ను ఎవుడికీ ఇచ్చేది లేదు. నడువు!"

పెరటి వాకిలి, ఇరుకు సందు, సందు చివర భూమిలోకి దిగే మెట్లు. పేరమ్మ వాళ్లని లోపలికి నెట్టి, తలుపు వేసి గడియ పెట్టింది.

*

అది రాజుగారి మంచుకొట్టు. వేసవిలో రాజుగారి పానకం చల్లబరచడానికి మంచుకోర పాదాలనుంచి తెచ్చిన గడ్డలు వరిఊకలో పూడ్చి పెడతారక్కడ. గోడలకి చెమ్మ, ఊక వాసన, పై కిటికీలోంచి జారే ఒక్క సన్నని వెలుగు. బయట భటుల కాళ్ల చప్పుడు అటూ ఇటూ పరిగెడుతోంది.

పేరమ్మ కొంగున కట్టుకున్న రెండో లంకె మూట విప్పి, గడ్డమీద పెట్టి, కూలబడింది. చాలాసేపటికి గంగులు గుసగుసలాడాడు.

"దొరా, దప్పికయితా ఉంది."

"నోర్ముయ్యి."

"నోరు ముయ్యడానికే. ఒక్క మంచు ముక్క చప్పరిస్తా."

గడ్డమీద అప్పటిదాకా పడి ఉన్న లంకె తీసుకుని, మంచు పగలగొట్టడానికి గంగులు దాంతో ఒక్కటిచ్చాడు.

టప్!

మంచు పగల్లేదు. లంకె రెండు ముక్కలైంది.

పైన అడుగుల చప్పుడు ఆగింది. "ఎలకలై ఉంటాయిలే" అన్న గొంతు వినిపించి, చప్పుడు దూరమైంది.

పేరమ్మ ముక్క తీసుకుని వెలుగులో పెట్టి చూసింది. విరిగినచోటు పటికబెల్లంలా తళతళా మెరుస్తోంది. అరిందముడు నడుములో దోపుకున్న, కొండమీద తెగిన ఇంకో లంకె తీసి పక్కన పెట్టాడు. రెండూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి.

పేరమ్మ నములుతున్న వక్క ఉమ్మేసింది.

"చలి," అంది. "చలికి చచ్చిపోతా ఉంది అబ్బీ ఇది. వెచ్చగా ఉంటే సాగుతాది, చల్లబడితే పగుల్తాది. తాతల కాడినుంచి ఒక్క ముక్కనన్నా చల్లగా ఉండంగా లాగలేదే మేము! కొలుముల మధ్యన కూచుని, వేణ్ణీళ్లు పోసి మరీ లాగినాం. గోడ అబద్ధం చెప్పలేదు. మేమే దాన్ని ఎప్పుడూ ఒకే ప్రశ్న అడిగినాం."

అరిందముడికి ఇక ఆగలేదు. "అక్కడ నా చెల్లెలు మంచులో నిలువునా గడ్డకడుతుంటే, ఇక్కడ మీరు ఇనుముకి కుంకుడు రసం పోస్తూ కూర్చున్నారా? సాంబ్రాణి ఒక్కటే తక్కువైంది! మూడుసార్లు ఎక్కాను ఆ కొండ! మూడుసార్లు!"

"తిట్టు నాయనా. న్యాయమే. అయితే తిడతా తిడతా నీ ఒంటిమీదుండే లోహాలన్నీ ఇట్లా తియ్యి. మంచులో పెట్టి కొట్టి చూద్దాం. ఏది బతుకుతాదో అదే మనకి చుట్టం."

మంచులో పూడ్చిపెట్టి, ఒళ్లు చల్లబడ్డాక ఒక్కొక్కటే రాతిమీద పెట్టి కొట్టారు. గంగులు దగ్గరున్న గాడిద నాడా పగిలింది. తలుపుకున్న పాత చీల విరిగింది. అరిందముడు తటపటాయిస్తూ ఇచ్చిన ఉక్కుబాకు మధ్యకి టకాలున తెగింది.

"అది మా తాతగారిది!"

"ఇప్పుడు రెండైనాయి గదా, ఒకటి నీకు, ఒకటి నీ చెల్లెలికి."

పేరమ్మ తన చేతి కంచు కడియం కూడా పెట్టింది. అదీ పగిలింది. "దీన్లో తగరం ఎక్కువ, దీని పొగరెప్పుడూ ఇంతే" అని గొణిగింది. ఇక మిగిలింది గంగులు నడుముకి చుట్టుకున్న, గాడిద మెడకి కట్టే ఇత్తడి గంట గొలుసు, వాడి మొలకున్న రాగి తాయెత్తు. గొలుసుని కొట్టారు. అణిగింది. మళ్లీ కొట్టారు. వంగింది. విరగలేదు! తాయెత్తు కూడా అప్పడంలా అణిగింది గాని పగల్లేదు.

"నా తాయెత్తు!" అని గంగులు లబోదిబోమన్నాడు.

పేరమ్మ మాత్రం ఇత్తడి గొలుసుని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయింది. "గోడమీద దీన్ని అన్నిటికన్నా కింద తగిలించినాం. బిందెలకీ చెంబులకీ తప్ప దేనికీ పనికిరాదని. చలిలో అన్నీ పడిపోయినాక నిలబడింది ఇదీ, ఆ రాగి తాయెత్తే. రాగి మరీ మెత్తన."

"అయితే ఇత్తడి గొలుసు చేయించు, ఇప్పుడే!"

"తొందరపడబాక. దీనికి బలం తక్కువ. శరభాన్ని ఆపాలంటే నా మోచెయ్యంత లావుండాల. అంత గొలుసు పోత పొయ్యడానికి నెల పడతాది."

అరిందముడు తల గోడకేసి కొట్టుకోబోయాడు. ఒక చిక్కు విడిపోతే ఇంకో చిక్కు! తరళకి నెల కాదు కదా, వారం కూడా లేదు.

"అంత లావుది తయారుగా ఎక్కడా లేదా అవ్వా?"

పేరమ్మ కళ్లు చిన్నవి చేసింది. "ఒకటుంది. మా రాజుగారి పట్టపుటేనుగు మెళ్లో."

*

పట్టపుటేనుగు భద్రకుంభి గజశాల ముందు నిలబడి చెరుకు నములుతోంది. నుదుట చందనపు చారలు, చెవులకి చామరాలు, నడుమున జరీ పట్టుగుడ్డ, మెడలో మూడుపేటలుగా పడి మోకాళ్లదాకా దిగిన పచ్చటి ఇత్తడి గొలుసు. సాయంత్రం ఊరేగింపు. మావటీలు భోజనానికి వెళ్లారు. వాకిట్లో కాపలా ఎవరంటే, మన తలారి ఓబన్నే.

పేరమ్మ వచ్చింది, చంకలో చింతపండు కుండతో. వెనక, గుర్తుపట్టకుండా మొహాన బొగ్గుమసి పూసుకున్న గంగులు, కావిడికి ఒక పక్క నిప్పుల కుంపటి, రెండో పక్క వేడినీళ్ల రాగికాగు. వాడి వెనక, పేరమ్మ ఎర్రచీర కట్టుకుని ముక్కుదాకా ముసుగేసుకున్న ఆరడుగుల ఆడమనిషి.

"ఎవరవ్వా ఈమె?"

"నా మనవడి పెళ్లాం. ఊరేగింపుకి గొలుసు తోమమన్నారు గదా రాజుగారు, సాయానికి తెచ్చినా."

"భలే పొడుగుందే!"

"అటకమీద సామాన్లు అందుతాయని చూసి మరీ తెచ్చుకున్నా. జరుగు, జరుగు, సిగ్గుపడతా ఉంది పిల్ల."

ఓబన్న మర్యాదగా పక్కకి జరిగాడు. ముసుగులో అరిందముడి పళ్లు పటపటలాడాయి.

ఏనుగు పక్కకి చేరి చూస్తే, గొలుసు చివర్లు కలిపి కొబ్బరికాయంత ఇనప తాళం! తాళంచెవి రాజుగారి మొలతాడుకే ఉంటుందని పేరమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. అరిందముడు తాళం గుంజాడు, మెలితిప్పాడు, రాయితో కొట్టాడు. ఎండలో వెచ్చగా కాగిన ఇనుము, ఎందుకు విరుగుతుంది?

"ఇక్కడ మాత్రం విరగదు!" అని ఉక్రోషంతో అరిచేశాడు, సొంత గొంతుతో.

ఓబన్న గిరుక్కున తిరిగాడు. "పిల్లకి మీసాలున్న గొంతే!"

"దొరా," అన్నాడు గంగులు, "గొలుసు రాకపోతే ఏనుగే వస్తది."

మాట పూర్తికాకముందే అరిందముడు పట్టుగుడ్డ పట్టుకుని పైకెగబాకాడు. పేరమ్మని ఒక చేత్తో, కావిడితో సహా గంగుల్ని ఇంకో చేత్తో లాగేసుకున్నాడు. చెవి వెనక మడమతో పొడిచాడు. భద్రకుంభి తొండమెత్తి ఘీంకరించి పరుగందుకుంది. బజారు బజారంతా అల్లకల్లోలం! అరటిగెలలు గాల్లోకి లేచాయి, పూలబుట్టలు పొర్లాయి, ఒక గుడ్డల కొట్టు పందిరి ఏనుగు కుంభస్థలానికి గొడుగులా తగులుకుని కోటగుమ్మం దాకా వచ్చింది. బాణాలు జుయ్యిమంటూ పందిట్లో గుచ్చుకున్నాయి. కోట తలుపులు మూసుకుంటున్నాయి. భద్రకుంభి వాటిని లెక్క చెయ్యలేదు. రెండు రెక్కలూ ఎడాపెడా ఊడిపడ్డాయి.

"అబ్బీ," అంది పేరమ్మ వెనక్కి తిరిగి చూస్తూ, "ఆ తలుపు బందులు పరీక్షించింది కూడా నేనే."

*

మంచుకోర మీదికి చేరేసరికి భద్రకుంభి గజగజ వణికింది. పాపం, గుడ్డల కొట్టు పందిరి మొత్తం దాని ఒంటికి చుట్టబెట్టారు. గుహ దగ్గర దిగి అరిందముడు ఇనప తాళం చేత్తో తాకి చూశాడు. మంచుకన్నా చల్లగా ఉంది. ఒక రాయి తీసుకుని మెల్లగా ఒక్కటి తట్టాడు.

పట్నంలో ఎంత కొట్టినా చలించని తాళం, కృష్ణాష్టమి నాటి ఉట్టికుండలా పగిలిపోయింది.

యువరాజుకి చాలాకాలానికి నవ్వొచ్చింది. పేరమ్మకి రాలేదు. గొలుసుకి ఏనాడూ చెయ్యని పని చేసింది. నూనె రాయలేదు, తలంటు పొయ్యలేదు. "ఈసారి ఇట్లాగే పో తల్లీ" అని చేత్తో ఒకసారి నిమిరింది, అంతే. కుంపటి మీద కాగు పెట్టి మంచు కరగబెట్టి మరిగించసాగింది.

"మరి ఈ నీళ్లెందుకు అవ్వా?" అన్నాడు గంగులు.

"ఇనుముకి పోసింది చాల్లే. పిల్లకి పోద్దాం. నువ్వు పొయ్యి దాని ముందర గెంతు."

"ఈసారి కూడా నేనేనా ఎర?"

గంగులు తిట్టుకుంటూనే శరభం ముందు గెంతాడు. అది వంగింది. అరిందముడు జూలు పట్టుకుని ఎగబాకి మెడకి గొలుసు చుట్టి ముడివేశాడు. మిగిలిన పొడుగాటి కొస దాని ఛాతీ ముందు వేలాడింది. రెండో చివరని గంగులు గుహ మధ్యనున్న రాతిస్తంభానికి బిగించాడు. శరభం ఒక్క ఉరుకు ఉరికింది.

గొలుసు మూలిగింది. సాగింది. తెగలేదు!

"తెగలా! తెగలా!" అని గంగులు చిందులేశాడు.

"అరవబాకండి, సాగుతా ఉంది!" పేరమ్మ లంకెల మీంచి కళ్లు తీయలేదు. "విరిగేది చెప్పకుండా విరుగుతాది. సాగేది చెప్పి సాగుతాది. దిగు అబ్బీ, దిగు!"

"ఎంతసేపు ఆగుతుంది?"

"నాకేం తెలుసు! చలిలో ఇత్తడిని లాగిన ముక్క గోడమీద లేదు. ఇప్పుడే చూస్తా ఉన్నా!"

అరిందముడు వేడినీళ్ల కాగు వీపున కట్టుకుని తాడు పట్టి బిలంలోకి దిగాడు. వీపు కాలుతోంది, వేళ్లు గడ్డకడుతున్నాయి. అడుగున నీలిరంగు వెలుగులో తరళ నిలబడి ఉంది. మంచు భుజాలదాకా వచ్చేసింది. పెదాలు తెల్లబడ్డాయి. వేళాకోళం ఆడే ఓపిక కూడా పోయినట్టుంది.

"అన్నా," అంది గుసగుసగా. "వచ్చావా."

అతను చెంబు తర్వాత చెంబు పోశాడు. మాంత్రికుడి మంచు బుసకొట్టింది. భుజాలు బయటపడ్డాయి. నడుము బయటపడింది. మోకాళ్లు బయటపడ్డాయి. చీలమండల దగ్గర ఆఖరి చెంబు అయిపోయింది. మంచు కరిగింది గాని, కింద ఇంకోటుంది. రెండు కాళ్లకీ కలిపి, నేలకి బిగించిన ఇనప సంకెల!

"ఇంకా ఇదొకటా!" అని అరవబోయి, ఆగాడు.

ఇనుము.

ఇంతకాలం తనని ఏడిపించిన ఇనుము! ఖాళీ రాగికాగు రెండు చేతులా ఎత్తి, సంకెల మీద ఒక్క దెబ్బ వేశాడు. సంకెల పటికబెల్లం పలుకులై చెల్లాచెదురైంది. తరళ తూలి అన్న భుజం మీద పడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

అప్పుడు బిలం చీకటయింది.

పైన గొలుసు సాగి సాగి, శరభం బిలం అంచు దాకా వచ్చేసింది. ఒక గోరు అంచుమీద గీసింది. అంచుకి వేలాడుతున్న తాడు కోసుకుపోయి, చుట్టలు చుట్టలుగా వచ్చి అన్నాచెల్లెళ్ల కాళ్ల ముందు పడింది. శరభం మెడ వంచి బిలంలోకి తొంగిచూసింది. దాని ఛాతీ ముందు వేలాడే గొలుసు కొస గలగలమంటూ జారి, సరిగ్గా తరళ ముఖం ఎదురుగా ఆగి, ఊగింది.

పైనుంచి పేరమ్మ గొంతు. "ఇంకా సాగుతా ఉందబ్బీ! ఇంకా చెప్తా ఉంది!"

అరిందముడు ఊగుతున్న గొలుసు కొసని పట్టుకుని ఒకసారి గుంజి చూశాడు. "ఎక్కు."

"ఎక్కడికి? దాని మెడ దగ్గరికా?"

"ఈ గొలుసు తెగదు తరళా."

"గొలుసు సంగతి సరే. శరభం?"

"దాన్ని ఇంకా ఎవరూ పరీక్షించలేదు."

తరళ పైకి, ఆ మంచుపొగలు కక్కుతున్న నోటివైపు, చూసింది. తర్వాత గడ్డకట్టిన వేళ్లని నోటితో ఊది వెచ్చబరుచుకుని, చీరచెంగు బిగించి, మొదటి లంకె పట్టుకుంది.